కౌలు లెక్కల పుస్తకంలో నాన్నగారి ఒంటేలు లెక్క

మా నాన్నగారికి 71. మా కోనసీమలో ఆ వయసు మగాళ్లు మోకాళ్ల నెప్పుల గురించి గంటసేపు, షుగరు గురించి రెండు గంటలు మాట్లాడగలరు గానీ ఒంటేలు సంగతి వచ్చేసరికి నోట్లో కిళ్లీ ఉన్నట్టు మూగబోతారు. మా నాన్నగారైతే మరీ. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేచి పెరట్లోకి వెళ్తున్నారని అమ్మకి రెండేళ్లుగా తెలుసట, ఆయన్ని అడగలేదు, నాకు చెప్పలేదు. "వయసు కదే" అంది తర్వాత.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లారు. అప్పటికి మూడు రోజులుగా రొంప, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు పూటకొకటి వేసుకుంటున్నారు. అంత జనంలో ఎక్కడికి వెళ్తాంలే అని సాయంత్రం దాకా ఆపుకుని, ఇంటికొచ్చి కూర్చుంటే ఒక్క చుక్క రాలేదు. రాత్రి పదకొండింటికి అమ్మ ఫోను, "మీ నాన్నగారికి పాసు రావట్లేదే, పొత్తికడుపు బండలా ఉంది" అని. అమలాపురంలో హాస్పిటల్‌కి తీసుకొచ్చేసరికి మనిషి చెమటలు కక్కుతూ మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. పైపు వేసిన నర్సమ్మ బ్యాగు చూసి "లీటరు దాటిందండి" అంది. నాన్నగారు కళ్లు మూసుకుని "అమ్మయ్య" అన్నారు. నా పెళ్లయిన మర్నాడు కూడా అంత హాయిగా అనలేదు.

రొంప మాత్రకీ దీనికీ సంబంధం ఏమిటనుకుంటారేమో, ఉంది. ముక్కు దిబ్బడ తగ్గించే మందు ముక్కులో రక్తనాళాల్ని ఎలా బిగిస్తుందో మూత్రాశయం మూతి దగ్గర కండరాన్నీ అలాగే బిగిస్తుంది. అదే మాత్రలో తుమ్ములకని కలిపే రెండో మందు మూత్రాశయం గట్టిగా పిండే శక్తిని తగ్గిస్తుంది. మూత్రాశయం కింద ప్రోస్టేట్ అని మగాళ్లకి ఒక గ్రంథి ఉంటుంది, అది మామూలుగా ఉన్నవాళ్లకి చాలావరకు తెలియదు. అప్పటికే పెరిగి దారి ఇరుకు చేసినవాళ్లకి మాత్రం ఉన్న సందు కూడా మూసుకుపోవచ్చు. ఇంట్లో పెద్దాయన సన్నధారతో అవస్థ పడుతుంటే రొంప మాత్ర డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి. ఈ పోస్టులో మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

ఇక అసలు గోల ఆ తర్వాత మొదలైంది. పైపు వేసిన మూడో రోజున మా అన్నయ్య హైదరాబాదు నుంచి ఫోనులోనే ఒక లాబ్ వాళ్లకి పురమాయించాడు, పండగ ఆఫర్లో ఫుల్ బాడీ ప్యాకేజీ. అందులో పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష కూడా ఉంది. రిపోర్టు సాయంత్రానికల్లా వాట్సాప్‌లోకి వచ్చేసింది. 18.4, పక్కన ఎర్రక్షరాల్లో 4 లోపు ఉండాలని. అన్నయ్య అరగంటలో గూగుల్ మొత్తం చదివేసి ఏడుపు గొంతుతో ఫోను చేశాడు. అమ్మ అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుంది. నాన్నగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పకపోయినా ఆయనకి తెలిసిపోయింది, ఎందుకంటే ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ ఆయన మీద విసుక్కోవడం లేదు.

రాజమండ్రిలో యూరాలజిస్టు ఆ అంకె చూడలేదు, తేదీ చూశాడు. "పైపు ఎప్పుడు వేశారమ్మా? రక్తం ఎప్పుడు తీశారు?" అని రెండే ప్రశ్నలు. వేలితో పరీక్ష చేశాడు, గట్టి గడ్డలేమీ తగల్లేదన్నాడు, కాగితం మడిచి నా చేతికిచ్చి "ఇది పక్కన పెట్టండి, ఆరు వారాలు ఆగి మళ్లీ చేద్దాం" అన్నాడు.

పీఎస్ఏ అంటే క్యాన్సర్ అంకె కాదు. ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్, వీర్యం పల్చబడడానికి పనికొచ్చేది. ఆ గ్రంథిని ఏది కదిపినా కొంత రక్తంలోకి కారుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగదీసినా, పైపు వేసినా పెరుగుతుంది, ఊరికే వయసుతో గ్రంథి పెరిగినా పెరుగుతుంది. క్యాన్సర్ ఉన్నా పెరుగుతుంది, చిక్కంతా అదే. అమెరికాలో 1986లో దీన్ని మొదట ఒప్పుకున్నది అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లకి వైద్యం ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి. కొత్తగా కనిపెట్టడానికి వాడొచ్చన్నది 1994లో. ఆ తర్వాత అందరికీ చేసేసి, అవసరం లేని బయాప్సీలూ (ముక్క తీసి చేసే పరీక్షలు) ఆపరేషన్లూ ఎక్కువైపోయి, 2012కి అక్కడి నిపుణుల బృందమే ఏ లక్షణాలూ లేనివాళ్లకి అసలు వద్దంది. మళ్లీ 2018లో 55 నుంచి 69 ఏళ్ల వాళ్లు డాక్టరుతో మాట్లాడుకుని ఎవరికి వాళ్లు నిర్ణయించుకోండి, 70 నిండినవాళ్లకి వద్దు అని సర్దింది. మా ఆఫర్ ప్యాకేజీలో మాత్రం 71 ఏళ్లాయనకి, పైపుతో ఉన్నాయనకి, ఎవరూ అడక్కుండానే కలిపేశారు. కూరగాయల కొట్లో కరివేపాకులాగ.

ఆ ఆరు వారాలూ రాత్రిళ్లు నాకు నిద్ర పట్టేది కాదు, ఫోనులో పరిశోధనల గురించి చదువుతూ కూర్చునేదాన్ని. నేను డాక్టర్ని కాను, బడిలో లెక్కలు చెప్పుకునేదాన్ని, అంకెలు చూస్తే కాస్త ధైర్యం వస్తుంది అంతే. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అని ఒక పెద్ద పరిశోధన జరిగింది. 82 వేల మందికి పైగా మగాళ్లకి పీఎస్ఏ చేసి, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్లలో 1,643 మందిని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి రేడియేషన్, మూడో గుంపుకి వెంటనే ఏమీ చెయ్యకుండా కనిపెట్టుకుని ఉండడం. 2023లో 15 ఏళ్ల లెక్క బయటపెట్టారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు మొత్తం మీద 45 మంది, నూటికి ముగ్గురు కూడా లేరు, మూడు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. కనిపెట్టుకుని ఉన్న గుంపులో జబ్బు పాకిన వాళ్లు ఎక్కువే, అది దాచకూడదు. వాళ్లు చేర్చుకున్నది 50 నుంచి 69 ఏళ్ల వాళ్లని, మా నాన్నగారికి అచ్చంగా అతకదని కూడా తెలుసు. అయినా రాత్రి రెండింటికి అది చదివాక అన్నయ్యకి మెసేజ్ పెట్టాను, కొంప మునిగిపోలేదురా, పడుకో, అని.

నన్ను నిజంగా పట్టుకున్నది ఇంకోటి. ఏడు ప్రశ్నల కాగితం. అమెరికా యూరాలజీ వాళ్లు 1992లో తయారుచేసింది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. వెళ్లొచ్చాక ఇంకా మిగిలినట్టు ఉంటోందా, రెండు గంటల్లోపే మళ్లీ వెళ్తున్నారా, ఆగి ఆగి వస్తోందా, ఆపుకోలేకపోతున్నారా, ధార సన్నగా ఉందా, ముక్కాల్సి వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. ఒక్కోదానికి సున్నా నుంచి 5 మార్కులు, మొత్తం 35. ఏడు దాకా తేలిక, 19 దాకా మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. సూది లేదు, పైసా ఖర్చు లేదు. రెండేళ్ల క్రితం ఎవరైనా ఈ ఏడూ అడిగి ఉంటే కనుమ రాత్రి దాకా వచ్చేదే కాదనిపించింది. కానీ అడిగేదెవరు? కూతురికి చెప్పరు. మా ఆయన చేత అడిగిద్దామంటే అల్లుడి ముందు ఇంకా పరువు. గోదావరి జిల్లాల్లో అల్లుడు వస్తే తలగడ గలీబులు మారుస్తారు, అల్లుడితో ఒంటేలు సంగతి మాట్లాడతారా!

చివరికి ప్రశ్నలు తెలుగులో రాసి కళ్లజోడు పక్కన పెట్టి బడికి వెళ్లిపోయాను. సాయంత్రం చూస్తే ఆ కాగితం ముట్టుకోలేదు. కౌలు లెక్కల పుస్తకంలో మాత్రం, ధాన్యం బస్తాల లెక్క కింద, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి ఎదురుగా మార్కులు. పైపు పడక ముందు సంగతి అని పైన రాశారు. మొత్తం 22. ఆ ఏడింటి తర్వాత ఎనిమిదో ప్రశ్న ఒకటుంటుంది, మిగతా జీవితమంతా ఇలాగే గడపాలంటే మీకెలా ఉంటుంది అని. దానికెదురుగా "పర్లేదు" అని రాసి ఉంది. 22 మార్కుల మనిషి!

పైపు తీసేముందు మూడు రోజులు టామ్సులోసిన్ ఇచ్చారు, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే మాత్ర. తీశాక తనంతట తనే వెళ్లారు. తర్వాత గరాటులాంటి మిషన్‌లో పోయించి ధార కొలిచారు. బయట జనం ఉన్నారని ఆయనకి ముప్పావుగంట రాలేదు. వచ్చాక చూస్తే సెకనుకి 7 మిల్లీలీటర్లు. 15 దాటితే బావున్నట్టు, 10 లోపైతే అడ్డు ఉందని అనుమానించాలట. అనుమానమే, ఎందుకంటే అడ్డు లేకపోయినా మూత్రాశయం నీరసించిపోతే ధార అలాగే ఉంటుంది. డాక్టరు ఇది ఎలా చెప్పాలా అని చూస్తుంటే నాన్నగారే అందుకున్నారు. "శివారు చేనుకి నీళ్లు రాకపోతే లాకు దగ్గర తలుపు మూసి ఉండొచ్చు, కాలవలోనే మట్టం లేకపోవచ్చు, అంతేగా అండి?" అని. డాక్టరు నవ్వి, అంతేనండి, మీకు లాకు దగ్గరే, అన్నాడు. స్కానులో మూత్రాశయం గోడ మందంగా ఉందట, ఏళ్ల తరబడి అడ్డు మీద తోసి తోసి.

ఆరు వారాల తర్వాత పీఎస్ఏ 3.6. అమ్మ అంతర్వేది వెళ్లొచ్చింది.

టామ్సులోసిన్‌కి తోడు డ్యుటాస్టెరైడ్ కూడా రాశారు. మొదటిది దారి వదులు చేస్తుంది, రెండోది గ్రంథిని మెల్లగా, నెలల మీద, కుదిస్తుంది. ఈ రెండు రకాల మందుల మీద అమెరికాలో మూడు వేల మందికి పైగా మగాళ్లతో జరిగిన పరిశోధన 2003లో వచ్చింది. ఒక్కొక్కటీ విడిగా వాడితే జబ్బు ముదరడం మూడో వంతు చొప్పున, కాస్త అటూ ఇటూగా తగ్గింది, రెండూ కలిపి వాడితే మూడింట రెండు వంతులు. మా చిన్నత్త మాత్రం ఎవరో చెప్పిన మూలికల క్యాప్సూల్స్ పట్టుకొచ్చింది, సా పాల్మెట్టో అని డబ్బా మీద. దాన్ని 2006లో 225 మంది మీద ఏడాదిపాటు మందు లేని ఉత్త మాత్రతో పోల్చి చూశారు, తేడా లేదు. 2011లో మూడింతల మోతాదు దాకా పెంచి చూశారు, అప్పుడూ లేదు. ఈ జబ్బులో ఉత్త మాత్రకి కూడా కొందరికి మార్కులు తగ్గుతాయి, అందుకే "నాకు పనిచేసిందండి" అనే మాట మీద ఏదీ తేల్చలేం. ఇది అత్తకి చెప్పే ధైర్యం నాకు లేదు, డబ్బా బీరువాలో ఉంది.

ఏడాది తిరిగాక పీఎస్ఏ 1.7 వచ్చింది. అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో లడ్డూ బొమ్మలు పెట్టాడు. డ్యుటాస్టెరైడ్ ఆరు నెలలు దాటి వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది, కనబడిన అంకెని రెండుతో గుణించి చూసుకోవాలి. అంటే 3.4, ఎక్కడున్నది అక్కడే. అంకె ఎక్కువొచ్చినప్పుడు ఎలా తప్పు చదివాడో తక్కువొచ్చినప్పుడూ అలాగే చదివాడు మా వాడు.

ఇదే ఇంట్లో మా పెదనాన్నది వేరే కథ. లంక పొగాకు చుట్ట, రోజుకి నాలుగైదు, యాభై ఏళ్లు. ఓసారి పాసు ఎర్రగా వచ్చింది, నెప్పి లేదు. వేడి చేసిందని కొబ్బరినీళ్లు, బార్లీ తాగారు, రెండు రోజుల్లో తగ్గిపోయింది. తగ్గింది నీళ్ల వల్ల కాదు, మూత్రాశయం క్యాన్సర్‌లో రక్తం అలాగే వచ్చి పోతుంటుంది. పొగాకులో విషాలు కిడ్నీల్లో వడకట్టుకుని మూత్రంలో కలిసి గంటల తరబడి అక్కడే నిలవుంటాయి కదా, పుట్టేదీ అక్కడే. ఎనిమిది నెలలకి మళ్లీ ఎర్రగా వస్తే అప్పుడు చెప్పారు. లోపల గీకి తీసేసి, వారానికోసారి ఆరు వారాలు బీసీజీ మందు పైపుతో లోపలికి ఎక్కించారు. మన భుజం మీద మచ్చ ఉంటుందే, ఆ క్షయ టీకాయే. 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టరు తొమ్మిది మంది మీద చేసి చూపించాడు, ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. పెదనాన్న రెండు గంటలు మందు లోపల ఆపుకుని పడుకునేవారు, చుట్ట కాల్చనివ్వరని తిట్టుకుంటూ.

మొన్న నాన్నగారిని శుక్లాల ఆపరేషన్‌కి కంటి హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి "ఏం మందులు వాడుతున్నారండి?" అంది. "బీపీ మాత్రొకటే అండి, ఆయ్" అన్నారు. నేను వెనక నుంచి టామ్సులోసిన్ కూడా అన్నాను. ఊరంతా దండోరా వేయించినట్టు నా వైపు చూశారు. ఆ అమ్మాయి మాత్రం ఎర్రపెన్నుతో రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ మాత్ర వాడేవాళ్లకి కంటి ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విచ్చుకోక, దాని చుట్టూ ఉండే పొర గాలికి గుడ్డలా రెపరెపలాడుతుందని 2005లో బయటపడింది. మాత్ర ముందురోజు మానేసినా అది పోదు, డాక్టరుకి ముందే తెలిస్తే తగ్గట్టు చేసుకుంటాడు.

బయటికొచ్చాక అడిగారు, కంటికీ దానికీ ఏం సంబంధమే అని. చెప్పాను. ముక్తేశ్వరం దాటేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత, ఆటోవాడు వింటున్నాడని కూడా చూడకుండా, "రాత్రి ఒక్కసారే లేచానే" అన్నారు.