అత్త గ్రైండర్ కడిగిన షాట్

“నేచురల్‌గా ఉంది.” ఏ చిన్న సినిమా చూసొచ్చినా నా నోటి నుంచి ముందు వచ్చే మాట అదే. యూసుఫ్‌గూడలో మా రూమ్ కింద టీ కొట్టు ఉంటుంది. పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుని, రాత్రి అక్కడ నిలబడి ఇండిపెండెంట్ సినిమాల మీద తీర్పులు చెప్పేవాణ్ణి. ‘కేరాఫ్ కంచరపాలెం’ నేచురల్, ‘సినిమా బండి’ నేచురల్. ఎందుకలా అనిపించిందిరా అని ఎవరైనా అడిగితే, అక్కడి మనుషుల్నే పెట్టి తీశారు కదా అనేవాణ్ణి. అంతకంటే లోతుగా ఆలోచించే అవసరం నాకు రాలేదు.

‘కంచరపాలెం’ 2018 సెప్టెంబరులో వచ్చింది. విశాఖలోని ఆ పేట, అందులో ఎక్కువగా ఆ పేటవాళ్లే, దర్శకుడు వెంకటేశ్ మహాకి అదే మొదటి సినిమా. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు, సినిమాలో సలీమా కూడా ఆవిడే. మాది బొబ్బిలి. ఆ సినిమా చూసి ఇంటికెళ్లినప్పుడు మా వీధిలో ప్రతి మొహమూ నాకు ఫ్రీగా దొరికే నటుడిలా కనిపించింది. అందరికంటే ముందు మా మేనత్త. ముప్ఫై ఏళ్లుగా టిఫిన్ కొట్టు నడుపుతోంది. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఆవిడ మాట ఆగదు. ఇంకేం కావాలి?

2024 ఆగస్టులో స్క్రిప్టు మొదలుపెట్టాను. కథ చిన్నదే. టిఫిన్ కొట్టు నడిపే ఒకావిడ, హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోన్ కోసం చూస్తూ ఉంటుంది. ఫోన్ వచ్చేసరికి గిరాకీ ఉంటుంది, గిరాకీ తగ్గేసరికి వాడు తియ్యడు. (ఆ కొడుకు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.) మొదటి డ్రాఫ్టులో అత్త చేత ఒకటిన్నర పేజీ డైలాగు చెప్పించాను. తల్లి ప్రేమ, ఒంటరితనం, అన్నీ.

నవంబరులో ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ ఇక్కడ థియేటర్లలోకి వచ్చింది. పాయల్ కపాడియా తీసిన ఆ సినిమాకి ఆ ఏడాది మే నెలలో ఫ్రాన్సులో జరిగే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి అవార్డు వచ్చింది. మన దగ్గర దాన్ని విడుదల చేసింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. నేను వెళ్లిన ఆటలో పద్నాలుగు మంది ఉన్నాం, అందులో ఇద్దరు ఇంటర్వెల్‌కి లేచిపోయారు. ముంబయిలో మలయాళీ నర్సు ప్రభ. పెళ్లి చేసుకుని జర్మనీ వెళ్లిపోయిన మొగుడి దగ్గర్నుంచి ఫోన్లు కూడా ఉండవు. ఒక రోజు ఇంటికి ఒక రైస్ కుక్కర్ వస్తుంది, జర్మనీలో తయారైంది. రాత్రి ప్రభ నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ని ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క మాట ఉండదు.

ఇంటికొచ్చి నా ఒకటిన్నర పేజీ డైలాగు కొట్టేశాను. అంతవరకు బాగానే ఉంది. దాని చోట ఏం రాశానంటే, ఫోన్ పెట్టేశాక అత్త చీకట్లో వెట్ గ్రైండర్ దగ్గర కూర్చుని దాన్ని మెల్లగా నిమురుతుంది. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

జనవరి మొదటి వారంలో షూటింగ్. మూడు రోజులు సెలవు, కృష్ణానగర్‌లో అద్దెకు తీసుకున్న కెమెరా, రెండు లెన్సులు, ఒక బూమ్ మైకు, చొక్కాకి తగిలించే చిన్న మైకులు (లేపల్స్) రెండు, మొత్తం ఏడుగురం. ‘సినిమా బండి’ గుర్తుందా? ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో వీరబాబు, పెళ్లిళ్లకి ఫొటోలు తీసే గణపతి కలిసి సినిమా తీసేస్తామని బయల్దేరతారు. మంగలి మరిడయ్య హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. 2021లో అది చూసి తెగ నవ్వాను. జనవరి 4న తెల్లవారుజామున బొబ్బిలిలో నేను వీరబాబుని.

తెల్లారకముందు అత్త పొయ్యి వెలిగించే సీనుతో మొదలుపెట్టాలి. నాలుగున్నరకి కెమెరా పెట్టాం. నాలుగూ ముప్ఫై అయిదుకి గుళ్లో మైకు మోగింది. ధనుర్మాసం! పాశురాలు అయ్యాక పాత సినిమా పాటలు, అవి ఆరున్నర దాకా. సౌండ్ చూసే కుర్రాడు హెడ్‌ఫోన్స్ తీసేసి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. పాట వెనక పడితే మాటని వేరు చెయ్యలేం. ఒకవేళ చేసినా, సినిమా పాట మనది కాదు, హక్కులు లేకుండా వాడితే ఏ ఫెస్టివల్‌కీ పంపలేం. బొబ్బిలిలో పుట్టి పెరిగినవాణ్ణి, ధనుర్మాసం సంగతి నాకే గుర్తు లేదంటే ఇంక ఎవర్ని తిట్టాలి?

మైకు ఆగాక అసలు దెబ్బ తగిలింది. అత్త నటించడం మొదలుపెట్టింది. రోజంతా గలగలా మాట్లాడే మనిషి, నేను యాక్షన్ అనగానే పంద్రాగస్టు నాడు పద్యం అప్పజెప్పే పిల్లలా నిటారుగా నిలబడేది. “బాబూ, అన్నం తిన్నావా?” అనే నాలుగు ముక్కల్ని నాలుగు మెట్లు దిగినట్టు చెప్పేది. కట్ అనగానే మామూలు మనిషి. “ఏట్రా, బాగా సెప్పానా? ఆ గళ్ల సొక్కా అబ్బాయికి టిఫిను పెట్టారా?” అని ఎంత చక్కగా అడిగేదో! నాకు కావాల్సిన నటన అంతా కట్‌కీ యాక్షన్‌కీ మధ్యలో జరిగిపోయేది. ఆ మూడు రోజుల ఫుటేజీలో చివరికి సినిమాలో మిగిలింది రెండే షాట్లు.

హైదరాబాదు తిరిగొచ్చి ‘కంచరపాలెం’ మళ్లీ చూశాను. ఈసారి కథ చూడలేదు, మనుషుల చేతులు చూశాను. ఆఫీసులో అటెండరు రాజు ఎలా నిలబడతాడు, మాట్లాడనప్పుడు అతని చేతులు ఏం చేస్తాయి. ఎక్కడా కెమెరాకి జడిసిన చెయ్యి కనబడలేదు. కెమెరా కొత్తైనవాళ్లు అలా అవడానికి ఎన్ని రోజులు పడుతుంది? అస్సాంలో రీమా దాస్ తన సొంత ఊళ్లో పిల్లలతో ‘విలేజ్ రాక్‌స్టార్స్’ తీసింది. రాత, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ ఆవిడే, చేతిలో ఒక స్టిల్ కెమెరా. జాతీయ ఉత్తమ చిత్రం అయింది. అందరం ఆ ఒక్క కెమెరా గురించే చెప్పుకుంటాం, నేనూ అదే చెప్పేవాణ్ణి. ఆ పిల్లలతో ఆవిడ ఏళ్ల తరబడి గడిపిన సంగతి మాత్రం ఎవరం లెక్కలోకి తీసుకోం. తక్కువ బడ్జెట్ సినిమా అంటాం గానీ, డబ్బు చోట అక్కడ రోజులు ఖర్చయ్యాయి. మూడు రోజుల సెలవుతో వెళ్లి ఆ సహజత్వం నాకూ వచ్చెయ్యాలనుకున్నాను.

ఫిబ్రవరిలో మేనేజర్ని బతిమాలుకుని రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకున్నాను. అరవై వేలు పర్సనల్ లోన్. మొదటి పది రోజులు ఒక్క షాటూ తియ్యలేదు. కొట్లో మూలన స్నేహితుడి పాత కెమెరా ఒకటి ట్రైపాడ్ మీద నిలబెట్టి వదిలేశాను. మొదటి రెండు రోజులు అత్త దానికి ఎదురుపడినప్పుడల్లా కొంగు సర్దుకునేది. మూడో రోజు దాని కాలికి తగిలి “సచ్చినాడా, అడ్డం” అని దాన్నే తిట్టింది. ఏడో రోజుకి ట్రైపాడ్ హ్యాండిల్‌కి కవర్ల కట్ట తగిలించింది. అప్పుడు మా కెమెరామేన్‌కి ఫోన్ చేసి రమ్మన్నాను.

ఆ నాలుగు రోజుల షూటింగులో గ్రైండర్ సీను ఆఖర్న పెట్టుకున్నాం. అత్తకి సీను చెప్పాను. ఫోన్ పెట్టేశాక వచ్చి గ్రైండర్‌ని నిమరాలి అని. ఆవిడ నన్ను కాసేపు చూసింది.

“దాన్నెందుకురా నిమరడం? కడగాలి గానీ.”

కడిగింది. రాయి పైకెత్తి, అంచున పట్టిన పిండిని వేళ్లతో గీకి, ఆ గీకిన పిండిని కూడా పారెయ్యకుండా గిన్నెలో వేసి, రెండు చెంబుల నీళ్లు పోసి, లోపలంతా అరచేత్తో గుండ్రంగా తిప్పింది. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగింది. ఎందుకాగిందో ఆవిడకీ తెలీదు, నేనూ అడగలేదు. మళ్లీ తిప్పింది. రెండు నిమిషాల పది సెకన్లు. సినిమాలో నాకు నచ్చింది ఆ ఒక్క షాటే, అది నేను రాయలేదు. ఆ కుక్కర్ ప్రభది. పాయల్ కపాడియా సినిమాని నేను అర్థం చేసుకున్నానని అనుకున్నాను, ఊరికే కాపీ కొట్టానని అత్త ఒక్క మాటలో చెప్పేసింది.

ప్యాకప్‌కి ముందు రూమ్ టోన్ తీసుకోవాలి. అంటే మనుషులెవరూ కదలకుండా, మాట్లాడకుండా ఉంటే ఆ గదికి ఉండే చప్పుడు. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకులు కనబడకుండా అది పనికొస్తుంది. ఫ్యాన్లు ఆపేసి, ఒక నిమిషం అందరం తలలు వంచుకుని వంటింట్లో నిలబడ్డాం. సుమారు ఇరవై సెకన్లకి అత్త నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అడిగింది. “ఎవులైనా పోయారేట్రా?” అందరం నవ్వేశాం. మళ్లీ మొదట్నుంచి ఒక నిమిషం.

సౌండ్ మీద నాకు ఇంత పట్టింపు రావడానికి తమిళ ‘కొట్టుక్కాళి’ కారణం. ‘కూళాంగల్’తో రోటర్‌డ్యామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టైగర్ అవార్డు తెచ్చుకున్న పి.ఎస్. వినోద్‌రాజ్ రెండో సినిమా, 2024లో వచ్చింది. అందులో ఆర్‌ఆర్, అంటే వెనక వచ్చే సంగీతం, అస్సలుండదు. ఆటో ఇంజిను, కాళ్లు కట్టేసిన కోడిపుంజు, గొంతు పోయి సున్నం రాసుకున్న సూరి బొంగురు అరుపులు, అంతే. దయ్యం పట్టిందని అందరూ ఊరేగించుకుపోతున్న మీన దాదాపు సినిమా అంతా నోరు విప్పదు. మొదటిసారి ఫోన్లో చూసి స్లో అన్నాను. ఎడిటింగ్‌లో కూర్చున్న రోజుల్లో హెడ్‌ఫోన్స్‌తో మళ్లీ చూస్తే, ఆ మౌనం ఎంత గట్టిగా వినిపించిందో! మా రూమ్మేట్ మాత్రం అప్పుడూ నిద్రపోయాడు. వాణ్ణి తప్పు పట్టను, ఆ ముగింపు మీద నాకూ ఇంకా పేచీ ఉంది. అంతసేపు నన్ను ఆటోలో కూర్చోబెట్టి, దిగే చోటు చూపించలేదన్న కోపం.

మన చిన్న సినిమాల్లో నన్ను ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఈ చప్పుడే. సీను తన పని తాను చేసుకుంటుంటే వెనక నుంచి వేణువు వచ్చి భుజం తట్టి ఏడవమంటుంది. ఇంకోటి యాస. ఊరి యాసలో మాట్లాడిన ప్రతివాడూ అమాయకుడో జోకరో అయిపోతాడు. మా అత్త యాసలోనే చీటీల లెక్క కట్టి, పావలా తేడా వస్తే మనిషిని నిలబెట్టి కడిగేస్తుంది. ఆ మనిషి నాకు తెర మీద తక్కువ కనబడుతుంది.

జనవరిలో తీసిన రెండు షాట్లకి డబ్బింగ్ తప్పలేదు. మే నెలలో అత్తని హైదరాబాదు రప్పించి, బెడ్‌రూములో దుప్పట్లు కట్టి చెప్పించాం. గొంతు చచ్చినట్టు వచ్చింది. ఎన్నిసార్లు చెప్పించినా అంతే. చివరికి వంటింట్లోంచి ఒక ఖాళీ గిన్నె తెచ్చి చేతికిచ్చి, పిండి కలుపుతున్నట్టు చెయ్యి తిప్పుతూ చెప్పమన్నాను. రెండో టేకులో ఓకే. ఆవిడ మాట చేతుల్లో ఉంది.

మిగతాదంతా మామూలే. ఎడిటింగ్ నాలుగు వెర్షన్లు, ముప్ఫై ఒక్క నిమిషాల నుంచి 18కి. ‘కూళాంగల్’ చివర్లో చెలమలో ఊరే నీళ్ల కోసం ఆడవాళ్లు వరసలో కూర్చునే షాట్ చూసి ధైర్యం తెచ్చుకుని, గ్రైండర్ షాట్‌ని ఎక్కడా కొయ్యకుండా ఉంచేశాను. ఫెస్టివల్స్‌కి ఆన్‌లైన్‌లో పంపడం ఇంకో తలనొప్పి, ఒక్కోదానికి ఇరవై, ముప్ఫై డాలర్లు. తొమ్మిదింటికి పంపితే ఏడు కాదన్నాయి, ఒకటి ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు, ఒకటి తీసుకుంది. అన్నీ కలిపి లక్షా నలభై వేలు.

2025 సెప్టెంబరులో ‘లిటిల్ హార్ట్స్’కి వెళ్తే హాలు నిండుగా ఉంది, పక్క సీటు కుర్రాడు నవ్వి నవ్వి నా మీద పడ్డాడు. అదీ చిన్న సినిమానే, పెద్ద హీరో లేడు. అసూయ పడ్డానా అంటే పడ్డాను. ఇంటర్వెల్లో లేచిపోయిన ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. నేను మెచ్చే సినిమాలకి జనం రారు అని గొప్పగా చెప్పుకునే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు అప్పు కడుతున్నాను కాబట్టి అది గొప్పగా అనిపించడం లేదు.

దసరాకి బొబ్బిలి వెళ్లినప్పుడు అత్తకి ‘కంచరపాలెం’ పెట్టాను. ఆవిడ ఇదివరకు చూడలేదు. మధ్యలో రెండుసార్లు లేచి పప్పు నానబోసి వచ్చింది. చివర్లో కథలన్నీ ఒకచోటికి వచ్చేసరికి కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. ఆవిడ తెర వైపే చూస్తూ, “పాపం, ఆళ్ల సేత ఎన్నిసార్లు సెప్పించారో” అంది.

తర్వాత నావైపు తిరిగి, మనదాంట్లో దోసెలు ఎన్ని మాడాయి అని అడిగింది. ఫోన్ మాట్లాడుతూ దోసె వేసే సీనది, టేకుకో దోసె. నలభై ఒకటి అని చెప్పాను. నలభై మూడు అంది. రెండు ఆవుకి పెట్టిందట, అవి నా లెక్కలో లేవు.