బంగారు వాచీ కొన్నా
మొత్తానికి కొనేశానండీ, రోలెక్స్ డే-డేట్ (వారం, తేదీ రెండూ చూపించేది), 1803 నంబరు మోడల్, పసుపు బంగారం, 36 మిల్లీమీటర్లు. 1956లో మొదలైన ఈ డే-డేట్ వరసని స్టీల్‌లో అమ్మరు, బంగారమో ప్లాటినమో అంతే. మొదట ఒక షాపులో చూసిందైతే పాలిష్ కొట్టీ కొట్టీ పట్టీ తగిలించే లగ్స్ అరిగిపోయి, కింద హాల్‌మార్క్ సగం చెరిగిపోయి ఉంది, వద్దని వచ్చేశా. దీనికి మాత్రం అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. తేదీ మార్చాలంటే ముళ్ళని రాత్రి పన్నెండు దాటేలా తిప్పుతూనే ఉండాలి, వారం కూడా అంతే, నిన్న వేళ్ళు నొప్పెట్టాయి.

అమ్మకి చూపిస్తే అరచేతిలో తూచినట్టు పట్టుకుని "18 క్యారెట్లేనా, 916 కాదా? ఈ డబ్బుకి వడ్డాణం వచ్చేది కదరా" అంది. 750 ముద్ర చూపించి, నూటికి 75 పాళ్ళు బంగారమేనమ్మా, ఇంకా మెత్తగా ఉంటే గీతలు పడతాయి అన్నా, వింటేగా!