చిత్తమండి

మొన్న డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక, కొత్త ఏడాదికి తలా ఒక బైబిలు వాక్యం ఉండే వాగ్దాన కార్డులు తీసుకునే దగ్గర ఒక సిస్టర్ తను తీసిన కార్డు చదువుకుని, మొహం చిన్నబుచ్చుకుని, దాన్ని మళ్లీ ట్రేలో పెట్టేసి ఇంకోటి తీసింది. రెండోదాంట్లో అభివృద్ధి గురించి ఉంది. "దేవుడు నాతో మాట్లాడాడు" అని పక్కవాళ్లకి చూపించింది. నాకు చాలా బాధేసింది. మొదటి కార్డులో ఉన్నదీ వాక్యమే కదా! మనకి నచ్చిన మాట దొరికేదాకా తీస్తూ పోయి, దొరికినదానికి దేవుని స్వరం అని పేరు పెడితే ఎట్లా? నేనూ ఒకప్పుడు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పెట్టిన వచనాన్ని బట్టి ఉద్యోగం మారాలా వద్దా అని చూసిందాన్నే. అందుకే చెప్తున్నా.

1 సమూయేలు 3 మనందరికీ సండే స్కూలు నుంచి తెలిసిన అధ్యాయమే. కానీ ఈ మధ్య నన్ను ఒక్క మాట దగ్గర ఆపేసింది. రాత్రి మందిరంలో పడుకుని ఉండగా దేవుడు పిలిస్తే, ఆ పిలుపు వినగానే పిల్లవాడైన సమూయేలు "చిత్తమండి నేనున్నాను" అన్నాడు. మన తెలుగు బైబిల్లో ఎంత చక్కగా పడిందో చూడండి ఆ మాట. మనం ఏ ప్రార్థనలో చూసినా "ప్రభువా, నీ చిత్తం ఏంటో తెలియజెయ్యి" అంటాం. ఇల్లు కొనాలన్నా, సంబంధం కుదరాలన్నా, పిల్లల వీసా అయినా అదే ప్రార్థన. ఆ చిత్తమే ఈ చిత్తం. పాతకాలం ఇళ్లల్లో పెద్దవాళ్లు పిలిస్తే "చిత్తం" అనేవాళ్లు, అంటే మీ ఇష్టమే నా ఇష్టం, చెప్పండి అని. పని ఏమిటో వినకముందే ఒప్పుకోవడం అది. మనమేమో ముందు దేవుని చిత్తం తెలిస్తే, అప్పుడు చిత్తం అనాలో వద్దో ఆలోచిద్దాం అనుకుంటాం.

ఇంకోటి చూడండి. సమూయేలు మొదట ఆ మాట అన్నది దేవునితో అనుకుని కాదు, తనని పెంచుతున్న యాజకుడు, చూపు మసకబారిన ముసలి ఏలీతో అనుకుని. మూడుసార్లు లేచాడు. రెండుసార్లు "నేను పిలవలేదు, పోయి పండుకో" అని పంపించినా మూడోసారి కూడా విసుక్కోకుండా లేచి వెళ్లాడు. అప్పటికి అతనికి యెహోవా ఎవరో ఇంకా తెలియదని ఏడో వచనం చెప్తోంది. తెలిసిందల్లా పిలిస్తే లేవడం.

మా నాన్నకి పక్షవాతం వచ్చి మూడేళ్లు. మాట సరిగ్గా రాదు. తెల్లవారుజామున నాలుగున్నరకి నేను మోకాళ్లూనగానే పక్క గదిలోంచి "త...ల్లీ" అని పిలుపు. మొదట్లో చాలా చిరాకు పడేదాన్ని, ప్రార్థన చెడగొట్టడానికి సాతాను చేస్తున్నాడనుకున్నా కూడా. దేవుడు నన్ను క్షమించాలి. లేచి వెళ్లి, గడ్డం కింద తువ్వాలు పెట్టి, పొలమారకుండా చెంచాతో కొంచెం కొంచెం నీళ్లు పట్టాలి. ఏడాది తిరిగేసరికి నాకే తెలియకుండా ఒకటి జరిగింది. పిలుపు పొట్టిగా ఉంటే దాహం, సాగదీస్తే పక్కకి తిప్పమని, చివర్లో మూలిగితే కాలు నొప్పి. ఎవరూ నేర్పలేదు. ఎన్నోసార్లు లేచి వెళ్లాను కాబట్టి తెలిసింది. "నా గొఱ్ఱెలు నా స్వరము వినును" అన్న తర్వాత "అవి నన్ను వెంబడించును" అని కూడా అన్నాడు ప్రభువు. ఆ రెండోది వదిలేసి మొదటిది కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాన్న హెబ్రోను ప్రార్థనా మందిరంలో, మన హైదరాబాదు గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర, చాపల మీద కూర్చుని పెరిగిన మనిషి. 1929లో కెనడాలో, ఆ మందిరాన్ని మొదలుపెట్టిన సువార్తికుడు భక్త్‌సింగ్ గారు యోహాను 3వ అధ్యాయం చదువుతుంటే "నీతో నిశ్చయముగా చెప్పుచున్నాను" అన్న మాట తనతోనే అంటున్నట్టు ఆయన గుండెకి తగిలిందని ఎన్నిసార్లు చెప్పేవాడో. కార్డు ఎంచుకోలేదు, వరసగా చదువుతున్నాడమ్మా అనేవాడు. ఇప్పుడు ఆ మాట చెప్పలేడు, నేనే ఆయనకి చదివి వినిపిస్తున్నా.

దయచేసి వరసగా చదవండి. నచ్చనిది వచ్చినా పేజీ తిప్పెయ్యకండి. సమూయేలుకి ఆ రాత్రి దొరికింది ఏలీ ఇంటి మీద తీర్పు, "చెవులు గింగురుమనును" అన్న మాట. అది ఏ కార్డు మీదా అచ్చు వెయ్యరు. చెప్పడానికి భయపడి తెల్లారేదాకా పడుకుని, పొద్దున లేచి ఎప్పటిలాగే మందిరం తలుపులు తీశాడు. అంతలో నిజంగానే ఏలీ పిలిచాడు. దేవుని స్వరం విన్న పిల్లవాడు ఆ ముసలాయనకి మళ్లీ అదే జవాబిచ్చాడు, చిత్తమని.

ఇవాళ నాన్న రెండుసార్లు పిలిచాడు. రెండోసారి పొట్టి పిలుపు. నీళ్లు పట్టి వచ్చి, బైబిలు తెరిచే ఉంది, ఆపిన చోటు నుంచి చదువుకున్నాను.