చీలిన క్రికెట్ బ్యాట్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ముందు చీలిక ఎక్కడుందో చూడండి. బంతి తగిలే వైపు సన్నటి గీతలు, అంచున లేచిన పెచ్చు బ్యాట్‌ను మూలన పడేసేంత జబ్బులు కావు. తిరుపతి ఎండల్లో, అందులోనూ మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే బ్యాట్ చెక్క, అంటే విల్లో, ఎండి అవి తొందరగా వస్తాయి.

పెచ్చు లేస్తే దుమ్ము ఊదేసి, చీలికను కొంచెం తెరిచి, చెక్క జిగురు అడుగుదాకా దించాలి. అటూ ఇటూ చెక్కముక్కలు పెట్టి క్లాంపు బిగించి 24 గంటలు కదపకూడదు. ముందే నూనె పూస్తే జిగురు పట్టదు, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) ఆఖర్న. ఆరాక 120, తర్వాత 240 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్ టేపు చుట్టండి. సూపర్ గ్లూ వెంట్రుకంత గీతకు సరే. వెడల్పు చీలికలో అది పెళుసుగా గట్టిపడి, ఒక్క యార్కర్‌కే ఊడొస్తుంది.

కింది కొస ఉబ్బిందంటే తడి పీల్చినట్టే. నీడలో పూర్తిగా ఆరేదాకా జిగురు జోలికి పోవద్దు.

పిడి విరిగినా కొత్త కేన్ పిడి వేయించొచ్చు. ఖరీదైన ఇంగ్లిష్ విల్లో బ్యాట్‌కి ఆ ఖర్చు దండగ కాదు. చవకగా దొరికే మామూలు కాశ్మీర్ విల్లో బ్యాట్‌కైతే నేను చేయించను. బ్లేడుకు, అంటే పిడి కింది వెడల్పు భాగానికి, అడ్డంగా పగిలి, చేత్తో వంచితే నోరు తెరుస్తుంటే మాత్రం కొత్తదే కొనండి, టేపు దాన్ని ఆపలేదు.