రేసుకి మట్టి తోలిన నా అనుభవం

మా మేనల్లుడు డర్ట్ బైక్ రేసు పెడుతున్నామంటూ వచ్చినప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, వాడికి నా ట్రాక్టర్లు కావాలి. నెల్లిమర్ల చుట్టుపక్కల పునాదులకీ లేఅవుట్లకీ పదిహేనేళ్లుగా మట్టి తోలుతున్నాను. వాడు మట్టి గురించి ఏదో చెప్పబోతే "నాకు చెప్తావేట్రా" అని నోరు మూయించాను. అక్కడే దెబ్బతిన్నాను.

వాడు ఫోన్లో 2024 జనవరిలో పుణె బాలేవాడిలో జరిగిన సూపర్‌క్రాస్ చూపించాడు, అంటే స్టేడియంలో మట్టి పోసి, జంపులనే మట్టి దిబ్బలు కట్టి, వాటి మీంచి బైకులు ఎగరేసే రేసు. అమెరికా స్టేడియాల్లోనైతే గడ్డి పాడవకుండా ప్లాస్టిక్, ప్లైవుడ్ పరిచి, దాని మీద వందల లారీల మట్టి పోస్తారట. రేసయ్యాక ఆ మట్టినే ఎత్తి దాచుకుని మళ్లీ వాడతారట. మట్టి దాచుకోవడమేటని నవ్వాను. మాకిచ్చిన కాలేజీ మైదానంలో గడ్డే లేదు కాబట్టి ప్లైవుడ్ ఖర్చు తప్పింది.

నేను చెరువు మట్టి తోలాను. దగ్గరలో దొరుకుతుంది, జేసీబీతో జంపులు కడితే కుండలా నునుపుగా నిలబడుతుంది. నాలుగు రోజుల ఎండకి నెర్రెలిచ్చింది. ఐదో రోజు చిన్న జల్లు పడింది. మావాడు తన ఎక్స్‌పల్స్ బైకు ఎక్కి ఒక్క రౌండ్ కొట్టాడో లేదో, వెనక చక్రం తిరగడం మానేసింది. టైరు బొడిపెలు కనబడితే ఒట్టు. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య బంక మట్టి కూరుకుపోయింది. వేపకొమ్మతో పొడిచి పొడిచి తీశాం.

ఆ రాత్రి రెండు నీళ్ల సీసాలు తీసుకుని, ఒకదాంట్లో చెరువు మట్టి, ఇంకోదాంట్లో గరువు ఎర్రమట్టి వేసి గిలక్కొట్టి అరుగు మీద పెట్టాను. ఇసుక నిమిషంలో అడుక్కి దిగిపోతుంది. బంక తేలుతూనే ఉంటుంది. తెల్లారి చూస్తే చెరువు మట్టి సీసా ఇంకా టీ నీళ్లలానే ఉంది. ఎర్రమట్టి సీసాలో సగం పైగా ఇసుకే. అలాగని ఒట్టి ఎర్రమట్టి పోస్తే జంపు అంచులు రాలిపోతాయి, ఎండితే గోళీల మీద నడిచినట్టు టైరు జారుతుంది. చివరికి రెండు ట్రక్కుల ఎర్రమట్టికి ఒక ట్రక్కు చెరువు మట్టి కలిపాను. పిడికిట్లో నొక్కి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే మూడు నాలుగు ముక్కలవ్వాలి. అట్టులా పరుచుకుంటే తడెక్కువ, పొడిపొడి అయిపోతే నీళ్లు చాల్లేదు. ఇంతకంటే పరికరం మా దగ్గర లేదు.

ఇంతలో అల్పపీడనం అన్నారు. నవంబరు కదా, మనకి మామూలే. గుల్లగా ఉన్న మట్టి నీళ్లు తాగుతుంది, అణిగిన మట్టి మీద నీళ్లు జారిపోతాయి. అందుకని వాలు చూసుకుని ట్రాకంతా రోలరు తొక్కించాను. తర్వాత బరకాల కోసం తిరిగాను. కోతల రోజులు, ఊళ్లో ఉన్న ప్రతి బరకమూ వరి కుప్పల మీదే ఉంది. ధాన్యం తడుస్తుంటే రేసుకి బరకం ఇమ్మని ఏ మొహంతో అడుగుతాం? తొమ్మిది దొరికాయి. జంపుల ఎక్కుడూ దిగుడూ కప్పి, తిన్నటి దారి వదిలేశాం. పక్కనే పొడి మట్టి కుప్ప ఒకటి కప్పి ఉంచాం.

రేసు రోజు ఆరింటికి వాన ఆగింది. కుర్రాళ్లందరికీ వెంటనే ట్రాక్టరు దింపేయాలని ఆత్రం. తడి మట్టిని తొక్కితే చపాతీ పిండి పిసికినట్టే, ఇంక బాగుపడదు. పదింటిదాకా ఎవర్నీ దిగనివ్వలేదు, తిట్లు తిన్నాను. ఎండ పొడ తగలగానే బరకాలు మాత్రం తీయించాను, లేకపోతే కింద మట్టి చెమరుస్తుంది. ఓ మేస్త్రీ సున్నం చల్లమన్నాడు. సున్నం తడి లాగేస్తుంది, నిజమే. మావాడు ఎగిరిపడ్డాడు.

"వద్దు మావయ్యా! 2019లో అమెరికాలో శాన్ డియేగో సూపర్‌క్రాస్‌లో మట్టిలో సున్నం కలిపారు, బురద తగిలి రైడర్ల ఒళ్లు కాలింది."

సున్నం మానేసి, పైనున్న రెండంగుళాల బురద జేసీబీతో గీకి అవతల పారేసి, పొడి మట్టి పరిచాం. పెద్ద డబుల్ జంపు, అంటే ఒక్క ఎగురులో దాటాల్సిన రెండు దిబ్బలు, వాటి మధ్య గొయ్యి కూడా పూడ్చేశాం. తడిలో స్పీడు అందక కుర్రాడు అందులో పడితే నడుము విరుగుతుంది.

మావాడు టైర్లలో గాలి 12 పీఎస్ఐకి దించి, ఇంజను కింది సందుల్లో బురద చేరకుండా స్పాంజి కుక్కాడు. నాలుగో రౌండుకి మలుపుల్లో చక్రాల గాడులు పడ్డాయి. మేం కప్పని చోటే, తిన్నటి దారిలో, ముగ్గురు జారారు, అందులో మావాడొకడు. జంపుల మీద ఎవరూ పడలేదు.

మర్నాడు మైదానం ఖాళీ చెయ్యమన్నారు. ఆ కలిపిన మట్టి పొలానికీ పనికిరాదు, పునాదికీ పనికిరాదు. మూడు రోజులు తోలి మా షెడ్డు వెనక పోసుకున్నాను. దాని మీద బరకం కప్పి ఉంటే మా ఆవిడ రోజూ అడుగుతుంది, మట్టికి బరకమేటని.