గార తీయడం నేర్చుకున్న రెండేళ్లు: డెంటల్ హైజీన్ కోర్సులో నా అనుభవం

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు అమ్మాయిలు కలిసినప్పుడల్లా ఈ కోర్సు గురించి అడుగుతుంటారు. డెంటల్ క్లినిక్‌లో పళ్ల మీద గట్టిపడిన గార తీసి, చిగుళ్లు చూసే పని నేర్పే కోర్సు ఇది. రెండేళ్లే కదా, ఇండియాలో డిగ్రీ చేసినవాళ్లకి తేలికే కదా అని. కోర్సు రెండేళ్లే, నిజమే. కానీ అప్లై చేయడానికి ముందే అనాటమీ-ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, సైకాలజీ లాంటివి పూర్తయి ఉండాలి. నేను గుంటూరులో బీఎస్సీ చదివాను. అయినా సైన్స్ సబ్జెక్టులు ఇక్కడి కాలేజీలోనే చేసి ఉండాలన్నారు. పాప నిద్రపోయాక మళ్లీ ఎముకల పేర్లు, నరాల పేర్లు బట్టీ పట్టాను. కాలేజీ ఏదైనా సరే, కోడా (అమెరికాలో డెంటల్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. అది లేని చోట చదివితే లైసెన్స్ కోసం రాసే బోర్డు పరీక్ష దగ్గరే ఆగిపోతారు.

థియరీ గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. బరువుగానే ఉంటుంది, కానీ చదవడం మనకి కొత్త కాదు. పళ్లకి 1 నుంచి 32 వరకు అంకెలుంటాయి. పై దవడ కుడివైపు జ్ఞానదంతంతో మొదలై, చుట్టు తిరిగి కింది దవడ కుడివైపు జ్ఞానదంతం దగ్గర ముగుస్తాయి. వారం తిరక్కుండానే అవి నోటికి వచ్చేస్తాయి.

కష్టమంతా చేతికి నేర్పడంలోనే ఉంది. మొదటి సెమిస్టర్‌లో మనిషిని ముట్టనివ్వరు. కుర్చీకి బిగించిన బొమ్మ దవడల మీదే సాధన. ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనాలి. వేళ్లతో గీకకూడదు, మణికట్టు, ముంజేయి కలిసి కదలాలి. గ్రేసీ క్యూరెట్లని గార గీకే సన్నటి పనిముట్లుంటాయి, ఒక్కో జత ఒక్కో చోటికే పనికొస్తుంది. 1/2 అని నంబరున్నది ముందు పళ్లకి, 11/12 దవడ పళ్ల ముందు వైపుకి, 13/14 వాటి వెనక వైపుకి. అంచుని చిగురు కిందికి దాదాపు పడుకోబెట్టి పంపాలి. లోపలికి వెళ్లాక పంటికీ అంచుకీ మధ్య కోణం 45 డిగ్రీలు దాటి, 90కి లోపు తెరవాలి. 90 దాటితే చిగురు కోసుకుంటుంది. 45 కన్నా తగ్గితే గార ఊడి రాదు, పైన నున్నబడుతుంది. అలా నున్నబడిన గారని తర్వాత పట్టుకోవడం ఇంకా కష్టం.

ఎందుకంటే చిగురు కింద ఉన్న గార కంటికి కనిపించదు. ఎక్స్‌ప్లోరర్ అనే, తడిమి చూసే సన్నటి పనిముట్టుని పంటి వేరు వెంట జార్చుకుంటూ వెళితే, నున్నటి గాజు మీద ఇసుక రేణువు తగిలినట్టు వేళ్ల చివర చిన్న అదురు తెలుస్తుంది. అదే గార. పనిముట్టుని గట్టిగా పట్టుకుంటే ఆ అదురు తెలియదు. టెన్షన్ పడినప్పుడు చెయ్యి బిగుస్తుంది కాబట్టి, మా మేడమ్ పనిముట్ల కన్నా ముందు మా భుజాలు చూసేవారు.

రెండో కష్టం పేషెంట్లు. మా కాలేజీలో మన పేషెంట్లని మనమే వెతుక్కోవాలి. గార ఎక్కువున్నవాళ్లు ఇంతమంది, తక్కువున్నవాళ్లు ఇంతమంది అని లెక్క ఉంటుంది. ఆరోగ్య వివరాలు, బీపీ, మెడ-దవడ పరీక్ష, ఎక్స్-రేలు, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు (పంటికీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో) కొలవడం, ప్రతి దశలో టీచర్ చూసి సంతకం పెట్టడం. దాంతో ఒక్క మనిషి పళ్లు శుభ్రం చేయడానికి ఒక పూట చాలదు. అంత ఓపిక ఎవరికుంటుంది?

పిల్లల దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఉంది. వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పళ్ల క్లీనింగ్ మామూలుగా రాదు, బయట చేయిస్తే ఖర్చు ఎక్కువ, మా కాలేజీ క్లినిక్‌లో ఫీజు నామమాత్రం. గుడిలో అడిగాను, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. అలా వచ్చారు తెనాలి ఆంటీ ఒకరు. కూర్చోగానే, "గార తీయిస్తే పళ్లు వదులవుతాయంటారు కదమ్మా?" అన్నారు.

ఈ భయం మనవాళ్లలో చాలామందికి ఉంది, అందుకే తీరిగ్గా చెప్పాను. "ఆంటీ, పంటిని పట్టుకుని ఉండేది ఎముక, గార కాదు. గార కింద చేరిన సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి, ఏళ్ల తరబడి ఎముక అరుగుతుంది. గార తీశాక ఆ వాపు తగ్గి, ఎప్పుడో పడిన సందులు బయటికి కనిపిస్తాయి. అందుకే వదులైనట్టు అనిపిస్తుంది." అద్దం చేతికిచ్చి కింది ముందు పళ్ల వెనక చూపించాను. లాలాజలం ఊరే గొట్టం అక్కడే తెరుచుకుంటుంది కాబట్టి గార అక్కడ ముందు పేరుకుంటుంది. ఆవిడకి పసుపు గోడ కట్టినట్టు ఉంది. కొన్ని చోట్ల చిగురు లోతు 6 మిల్లీమీటర్లు. 3 వరకు మామూలు. ఆవిడకి షుగర్ కూడా ఉంది. చిగుళ్ల జబ్బు, షుగర్ ఒకదాన్నొకటి పెంచుతాయని చెబితే, ఇన్నేళ్లలో ఈ మాట తనకి ఎవరూ చెప్పలేదన్నారు.

క్లీనింగ్ అయిన కొన్ని వారాలకి మళ్లీ కొలిచినప్పుడు చాలా చోట్ల రక్తం రాలేదు. 6 ఉన్న ఒకచోట 4 చూపించింది. చార్టులో ఆ అంకె రాస్తుంటే కలిగిన సంతోషం నాకు ఏ పరీక్ష మార్కులతోనూ రాలేదు. ఆ తర్వాత ఆవిడే తన స్నేహితురాళ్లని పంపారు.

చివర్లో బోర్డు పరీక్ష 350 ప్రశ్నలు. 200 సబ్జెక్టుల మీద, 150 పేషెంట్ కేసుల మీద. కేసుల్లో చార్టు, ఎక్స్-రే చూసి నిర్ణయం చెప్పాలి కాబట్టి, క్లినిక్‌లో మనసు పెట్టినవాళ్లకి అవి తేలిక. దాంతోపాటు క్లినికల్ పరీక్ష, రాష్ట్ర చట్టాల పరీక్ష కూడా ఉంటాయి. వాటి నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

మీరు అప్లై చేసే ముందు కాలేజీవాళ్లని ఒక్క మాట తప్పకుండా అడగండి: పేషెంట్లని కాలేజీ ఇస్తుందా, మనమే తెచ్చుకోవాలా? మనమే అంటే సీటు వచ్చిన రోజు నుంచే తెలిసినవాళ్లందరికీ చెప్పి పెట్టుకోండి. వేసవిలో ఎవరి అమ్మానాన్నలు వస్తున్నారో ఇప్పుడే రాసి పెట్టుకోండి.