అమ్మమ్మ వాళ్లమ్మ పెళ్లి ఫోటో

పెళ్లికి ఏం వేసుకోవాలా అని నెల రోజులు ఫోన్‌లో వెతికాను. జవాబు అమలాపురంలో, అమ్మమ్మ వాళ్ల భోషాణంలో ఉంది. అమ్మమ్మ వాళ్లమ్మ పెళ్లి ఫోటో! బుట్ట చేతుల రవిక, మెడ అంచున లేసు... దొరసానుల గౌన్ల నుంచి వచ్చిన మోజు. వడ్డాణం, వంకీలు, జడనాగరం మాత్రం అచ్చంగా మనవే. ఆ కలయికకే మనసు పారేసుకున్నాను.

ఆవిడ కాసులపేరు ఇంకా భద్రంగా ఉంది. ఒక బిళ్ళ మీద ఐదో జార్జి బొమ్మ, 1918. ఆ ఏడాది బొంబాయిలో కూడా ఈ సవర్లు (బ్రిటిష్ వాళ్ల బంగారు నాణేలు) ముద్రించారు, ఒక్కోటి దాదాపు 8 గ్రాములు. మనం ఇప్పటికీ కాసంటే అదే లెక్క కదా!

కరిగించి కొత్త మోడల్ చేస్తానన్నారు కంసాలి గారు. వద్దని, తెగిన తీగ మాత్రం మార్పించాను. ఉప్పాడ జామ్‌దానీ మీద అదే వేసుకుంటా. నిన్న మెడలో పెట్టి చూపిస్తే అమ్మమ్మ కాసులన్నీ ఒక్కొక్కటిగా తడిమింది.